పిలవకుండా వచ్చినవాడు

గాలివాన పదకొండు నిమిషాలు ఉంటుంది. దాని వెనక వచ్చే కాగితం ఎంతకాలం ఉంటుందో చివరిదాకా బతికి చూసి చెప్పినవారు ఇంతవరకు లేరు.

ఈ సత్యాన్ని బాన్సువాడ చుట్టుపక్కల మొదట నిరూపించిన గౌరవం మా ఊరికి దక్కింది. మొన్నటి వైశాఖంలో, యాసంగి వడ్లు కోసి రోడ్డు మీద ఆరబోసిన రోజున, సాయంత్రం నాలుగున్నరకు నిజాంసాగర్ దిక్కు నుంచి గాలి లేచింది. నాలుగూ నలభై ఒకటికి ఆగింది. ఆ మధ్యలో అది రెండు వందల పన్నెండు రేకులను సొంతదారుల ఇళ్ల మీది నుంచి ఇతరుల పొలాలకు బదిలీ చేసింది. (దరఖాస్తు లేకుండా, సిఫారసు లేకుండా, ఒక్క పూటలో ఇన్ని బదిలీలు జరగడం మా మండలంలో ఎవరూ ఎరగరు.)

బీడీలు చుట్టే నర్సవ్వ ఇంటి మీద పద్నాలుగు రేకులుండేవి. పద్నాలుగూ పోయాయి. తొమ్మిది పక్కనున్న చంద్రయ్య పొలంలో దిగాయి. మూడు కాలువలో పడి నీళ్లతో పాటు తమ దారిన తాము వెళ్లాయి. మిగిలిన రెండూ రుద్రూర్ దాకా పోయాయని, చూసినవాళ్లను చూసినవాళ్లు చెప్పారు. ఆ సమయంలో నర్సవ్వ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. తలెత్తి చూసేసరికి నాలుగు గోడలూ ఉన్నాయి, మీద ఆకాశం ఉంది. ఆమె కొంగు తీసి ముందు తంబాకు మీద కప్పింది. తన తల సంగతి తర్వాత చూసుకుంది.

అందులో అన్యాయమేమీ లేదు. తల తడిస్తే ఆరుతుంది. తంబాకు తడిస్తే బీడీ ఆరిపోతుంది. తడిసిన బీడీని కార్ఖానాలో తీసుకోరు. వరుసగా రెండు నెలలు బీడీలు ఇవ్వకపోతే కార్డులో పేరు కొట్టేస్తారు. ముప్పై రెండేళ్లుగా ఆ కార్డులో ఉన్న పేరే నర్సవ్వ ఆస్తి. ఆ పేరు మీదే రేపటి పెన్షన్ రావాలి. మిరుగు వానలకు, అంటే మృగశిర కార్తెకు, ఇంకా నలభై రోజుల గడువుంది. నలభై రోజుల్లో ఇంటి మీదికి కప్పు రావాలి. విషయం ఇంతే. ఇంత చిన్న విషయాన్ని ఒక వ్యవస్థ చేతికి అప్పగిస్తే ఎంత పెద్దదవుతుందో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

మర్నాడు పొద్దున్నే సేవ్యా వచ్చాడు.

సేవ్యాది కాలువ అవతలి తండా. రేకులు బిగించడం అతని పని. పన్నెండేళ్ల కింద చంద్రయ్య బర్రెల కొట్టానికి రేకులు వేశాడు. అతనికొక అలవాటుంది. తాను వేసిన కప్పు ఎక్కడుంటే అక్కడికి, ప్రతి గాలివాన మర్నాడూ, ఎవరూ పిలవకపోయినా టీవీఎస్ బండికి నిచ్చెన కట్టుకుని వస్తాడు. పైకెక్కుతాడు. ఒక్కొక్క హుక్కును వేలితో కొట్టి చూస్తాడు. దిగుతాడు. చాయ్ పోస్తే తాగుతాడు, పోయకపోతే వెళ్లిపోతాడు. ఇది అతని తండ్రి నుంచి వచ్చిన పద్ధతి. దీనికి రాతకోతలు లేవు. అదే తర్వాత కొంప ముంచింది.

ఊళ్లో రేకుల ఇళ్లు దాదాపు అన్నీ బోడిగా ఉన్నాయి. చంద్రయ్య బర్రెలు మాత్రం నీడలో పడుకుని నెమరేస్తున్నాయి. నర్సవ్వ అది చూసింది.

"ఏంది సేవ్యా, పిలువకుంటనే వచ్చినవ్?"

"గాలిని ఎవలన్న పిలిచిండ్రా అవ్వా? అదొచ్చింది. దాని ఎన్కనే నేనొచ్చిన."

"గీ బర్రెల నసీబు నాకు లేకపాయె. జర నా ఇల్లు సూడు బిడ్డా."

సేవ్యా పొలంలో పడ్డ రేకు ఒకటి లేపి, ఎండకు ఎదురుగా పట్టుకుని చూశాడు.

"గీ మేకులు ఎవడు కొట్టిండవ్వా?"

"మూడేండ్ల కింద గాలొచ్చినప్పుడు కారుల వచ్చిండ్రు గదా, గాళ్లే. తెల్లంగీలు తొడుక్కున్నరు."

"నీళ్లు పారే గాడిల కొట్టిండ్రు. మేకు ఎప్పుడైన మిట్ట మీద పడాలె. వీళ్లు వానకు తొవ్వ సూపెట్టి పోయిండ్రు."

"నాకేమెర్క బిడ్డా. మంచిగ మాట్లాడిండ్రు."

"మంచిగ మాట్లాడెటోడు కిందనే ఉంటడవ్వా. పైకెక్కినోనికి మాట్లాడ తీరిక దొర్కది."

తొమ్మిది రేకులు సుత్తితో సాపు చేయాలి. బొక్కలకు డాంబరు పెట్టాలి. ఐదు కొత్తవి కావాలి. ఆదివారానికల్లా అయిపోతుందని సేవ్యా చెప్పాడు. నర్సవ్వ సరేనంది. ఇక్కడితో ఈ కథ అయిపోవాల్సింది. కానీ మధ్యాహ్నం రెండింటికి మైకు కట్టిన జీపు వచ్చింది.

అది గాలివాన అనంతర పైకప్పు మోసాల నివారణ సంఘం వారి జీపు. (పేరు పూర్తిగా పలికేలోపు ఇంకో గాలివాన వచ్చే అవకాశం ఉంది కనుక ఇకనుంచి సంఘం అందాం.) మూడేళ్ల కిందట ఆ తెల్లచొక్కాలవారు వచ్చి, అడ్వాన్సులు తీసుకుని, గాడిలో మేకులు కొట్టి, కనిపించకుండా పోయిన తర్వాత సంఘం పుట్టింది. వాళ్లను పట్టుకోవడం కుదరలేదు. వాళ్ల ముఖాలు ఎవరికీ గుర్తులేవు. అందరూ కప్పు వైపు చూస్తున్నారట. అందువల్ల ఇకమీదట అలాంటివారు రాకుండా నిబంధనలు రాశారు. నిబంధనలు మంచివి. వాటిని చదివిన ఏ బుద్ధిమంతుడూ కాదనలేడు. మొదటిది: *పిలవకుండా గడప దగ్గరికి వచ్చి పైకప్పు గురించి మాట్లాడే వ్యక్తిని మోసగాడిగా భావించవలెను.*

మైకు ఆ వాక్యం మూడుసార్లు చదివింది. మూడోసారి చదివేటప్పటికి జీపు నర్సవ్వ ఇంటి ముందుంది. గోడకు నిచ్చెన ఉంది. నిచ్చెన మీద సేవ్యా ఉన్నాడు.

సంఘం ప్రత్యేకాధికారి జగన్మోహనరావు గారు జీపు దిగారు. ఆయన చెడ్డమనిషి కాడు. ఇది ముందే చెప్పాలి, తర్వాత చెబితే ఎవరూ నమ్మరు.

"ఇతన్ని ఎవరు పిలిచారమ్మా?"

"ఎవలు పిలువలే సారూ. ఆయనే వచ్చిండు."

"తనంతట తనే వచ్చాడా?"

"అవు సారూ. పాపం మంచోడు, ఎప్పుడట్లనే వస్తడు."

"ఎప్పుడూ ఇలాగే వస్తాడు," అని జగన్మోహనరావు గారు మెల్లగా అనుకుంటూ రాసుకున్నారు. ఫోను తీసి నిచ్చెన మీదున్న సేవ్యాను ఫొటో తీసుకున్నారు. సేవ్యా ఏమీ అనలేదు. దిగి, నిచ్చెన బండికి కట్టుకుని వెళ్లిపోయాడు. మాట్లాడకపోవడాన్ని కూడా రాసుకున్నారు.

అప్పుడే చంద్రయ్య పొలంలోని తొమ్మిది రేకులకూ సుద్దముక్కతో నెంబర్లు వేశారు. పంచనామా అయ్యేదాకా వాటిని పడినచోటి నుంచి కదపరాదు. కదిపితే గాలికి పడ్డవో, మనిషి పడేసినవో తేల్చడం కష్టమవుతుందట.

"సారూ, నేను జీలుగ సల్లుకోవాలె. దున్నాలె," అన్నాడు చంద్రయ్య.

"దున్నండి. రేకుల జోలికి మాత్రం పోకండి."

చంద్రయ్య దున్నాడు. రేకు వచ్చిన ప్రతిచోటా ట్రాక్టరు చుట్టూ తిరిగింది. పని అయ్యేసరికి పొలం మధ్యలో తొమ్మిది దీవులు తేలాయి. ట్రాక్టరు కిరాయి ఎప్పటికంటే గంటన్నర ఎక్కువైంది. నర్సవ్వ చాటా, ఆకుకట్టలూ తీసుకుని బర్రెల కొట్టానికి మారింది. నిజాయితీగా వేసిన కప్పు ఊళ్లో అదొక్కటే. రెండో రోజు ఒక బర్రె రెండు కట్టల తునికాకు నమిలింది, తంబాకు వాసన చూసి ఆగింది. బర్రెలకు కూడా ఒక హద్దుంటుంది.

"అక్కా, మిరుగు దాక ఉండు, నాకేం ఫికర్ లేదు," అన్నాడు చంద్రయ్య. "మిరుగుకు మాత్రం గడ్డి లోపలేసుకోవాలె, దూడల గూడ కట్టెయ్యాలె. అప్పుడు జాగ ఉండదు."

"అప్పటిదాక సంఘమోళ్లు ఏదో ఒకటి జేస్తరు తీ."

"చేస్తరు. అదే నా భయం."

*

ఇక్కడ బసవపున్నయ్య గురించి చెప్పాలి. ఆయనది ఏ ఊరో ఎవరికీ తెలియదు. గాలివాన ఎక్కడొస్తే అక్కడివాడు. అంతకు ముందు ఇలాంటివారు ఇల్లిల్లూ తిరిగి తలుపు కొట్టేవారు. బసవపున్నయ్య నిబంధనలు చదువుకున్నవాడు. బాన్సువాడలో సంఘం ఆఫీసుకు ఎదురుగా ఒక గది కిరాయికి తీసుకున్నాడు. అందులో ఒక కుర్చీ వేసుకున్నాడు. ఎవరి గడపకూ పోలేదు. ఎవరినీ పిలవలేదు. ఆఫీసుకు వచ్చినవాళ్లు బయటికి రాగానే ఎదురుగా కనిపించేవాడు, అంతే.

"అన్నా, రేకులు మీరేస్తరా?" అని అడిగాడట మొదటి రోజు ఒకాయన.

"నేనేం అడగలేదు కదండీ మిమ్మల్ని," అన్నాడట బసవపున్నయ్య.

ఇంత నిజాయితీ మా ప్రాంతంలో ఎవరూ చూసి ఉండలేదు. మూడో రోజుకు ఆ గది ముందు వరుస కట్టారు. వరుసలో తోపులాట జరగకుండా చూడటానికి సంఘం తన అటెండరునే పంపింది.

పైగా బసవపున్నయ్య దగ్గర నాలుగు నిర్దోష పత్రాలున్నాయి. నిర్దోష పత్రం అంటే, ఫలానా వ్యక్తి మీద వచ్చిన మోసం ఫిర్యాదును విచారించి, ఇరుపక్షాలూ రాజీ పడ్డాయి కనుక మూసివేయడమైనది అని సంఘం ఇచ్చే కాగితం. ఫిర్యాదుకో పత్రం. ఆయన మీద నాలుగు చోట్ల ఫిర్యాదులు వచ్చాయి, నాలుగు చోట్లా జనం తిరిగి తిరిగి అలిసి రాజీ పడ్డారు, అందువల్ల నాలుగు పత్రాలు వచ్చాయి. వాటికి ప్లాస్టిక్ తొడుగులు వేయించి, ముత్యాల దండలా గోడకు వేలాడదీశాడు.

రేకులకు సహాయం ఇచ్చేదీ, వేసేవాణ్ని ఆమోదించేదీ సంఘమే కనుక నర్సవ్వ చంద్రయ్యను వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్లింది. తన ఇంటికి సేవ్యానే రేకులు వేయాలని అడిగింది.

జగన్మోహనరావు గారు ఓపికగా విన్నారు. "వేయవచ్చు. అతని నిర్దోష పత్రం తెచ్చుకోమనండి."

"గది యాడ దొర్కుతది సారూ?"

"ఇక్కడే ఇస్తాం. అతని మీద ఏవైనా ఫిర్యాదులున్నాయా?"

"రామ రామ! ఒక్కటి గూడ లేదు సారూ."

"అదే ఇబ్బంది," అన్నారు జగన్మోహనరావు గారు. నిజంగానే ఇబ్బంది పడుతూ అన్నారు. "ఫిర్యాదు లేకపోతే విచారణ ఉండదు. విచారణ లేకపోతే మూసివేత ఉండదు. మూసివేయని మనిషిని మేమెలా నమ్మాలి? ఎదురుగా బసవపున్నయ్య గారున్నారు. నాలుగుసార్లు విచారించిన మనిషి. ఆయన దగ్గర అంచనాలు తీసుకోండి. ఒక్కరి మాట మీద పోకుండా మూడు అంచనాలు తేవాలి, అది రెండో నిబంధన."

మూడు అంచనాలూ బసవపున్నయ్యే రాసిచ్చాడు. ఒకటి నీలం సిరాతో, ఒకటి నల్ల సిరాతో. మూడోదానికి ఎర్రపెన్ను చంద్రయ్య జేబులోంచి అడిగి తీసుకున్నాడు. మూడు కాగితాల మీదా మూడు వేర్వేరు పేర్లున్నాయి. తక్కువది అనుమానాస్పదం, ఎక్కువది భారం అని సంఘం మధ్యదాన్ని ఆమోదించింది. పెన్ను మాత్రం తిరిగి రాలేదు.

*

తిరుగుదారిలో ఆటోలో కూర్చుని చంద్రయ్య ఒక ఉపాయం ఆలోచించాడు. నేను విన్న ఉపాయాలన్నింటిలో ఇంత మంచి మనసుతో చేసినది, ఇంత పెద్ద అనర్థం తెచ్చినది ఇంకోటి లేదు. సాయంత్రం సేవ్యాను కొట్టానికి పిలిపించాడు.

"సేవ్యా, నీ మీద ఒక ఫిర్యాదు పెడ్తా."

సేవ్యా చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "నేనేం తప్పు జేసిన్నే?"

"ఏం చెయ్యలే. అదే నీ తప్పు. నేను పెడ్త, వాళ్లు ఇచారిస్తరు, మనం రాజీ పడ్తం, నీకు కాయిదం వస్తది. ఆ కాయిదం వస్తే అక్క ఇల్లు నువ్వు కప్పొచ్చు."

"ఏమని పెడ్తవ్?"

నర్సవ్వ తలెత్తి కొట్టం రేకుల వంక చూసింది.

"రేకులు కురుస్తున్నయని రాయరాదు," అంది నర్సవ్వ.

"కురుస్తలేవు గద అక్కా. వాళ్లొచ్చి సూస్తే నా ఇజ్జత్ పోదా? ఉన్నదే రాస్త."

చంద్రయ్య అబద్ధం రాయలేని మనిషి. ఫిర్యాదు పత్రంలో 'మోసం జరిగిన తీరు' అన్న గడిలో ఉన్నది ఉన్నట్టు రాశాడు: *సేవ్యా అనువాడు గాలివాన వచ్చినప్పుడల్లా పిలవకుండా వస్తాడు. పైకెక్కి హుక్కులన్నీ చూస్తాడు. పైసలు తీసుకోడు. పన్నెండేండ్ల సంది ఇదే పని.*

జగన్మోహనరావు గారు అది చదివి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. సంఘం కరదీపికలో పదకొండో పేజీలో మోసగాడి లక్షణాలు మూడే ఉన్నాయి. పిలవకుండా వచ్చుట. అడగకుండా పైకెక్కి తనిఖీ చేయుట. ఆ తనిఖీ ఉచితమని చెప్పుట. మూడూ ఒకే మనిషిలో, ఒకే కాగితం మీద, పన్నెండేళ్ల పాటు! ఆయన ఉద్యోగ జీవితంలో ఇంత సంపూర్ణమైన కేసు రాలేదు. ఫిర్యాదును అత్యవసరమని నమోదు చేశారు. చంద్రయ్య ధైర్యాన్ని మెచ్చుకున్నారు.

"ఇగ రాజీ పడ్తం సారూ," అన్నాడు చంద్రయ్య అక్కడికక్కడే.

"ఏ విషయంలో?"

"అంటే... కొట్లాటల."

"మీ ఇద్దరి మధ్య కొట్లాట ఏమిటి?"

చంద్రయ్య వేళ్ల మీద లెక్కపెట్టబోయి, ఒక్క వేలూ మడవలేకపోయాడు. 

"తగాదా లేనిదే రాజీ నమోదు చేయలేం," అన్నారు జగన్మోహనరావు గారు. "ముందు తగాదా పడండి."

వాళ్లు ప్రయత్నించకపోలేదు. చంద్రయ్య ఒకరోజు కొట్టం ముందు నిలబడి సేవ్యాను గట్టిగా తిట్టాడు. సేవ్యా అదంతా విని, "ఒంట్లె బాగలేదా అన్నా?" అని అడిగాడు. తగాదా అక్కడితో ముగిసింది. ఫిర్యాదు మాత్రం తెరిచే ఉంది. ఈ చుట్టుపక్కల రాజీకి రాని ఫిర్యాదు అదొక్కటే అయింది.

వైశాఖం దాటకముందే ఊరి మొగదల, రోడ్డు పక్కన, రెండు ఇనుప గుంజల మీద సంఘం వారి ఫ్లెక్సీ లేచింది. ఇరవై అడుగుల పొడవు, పదిహేను అడుగుల వెడల్పు. మంచి మందం. నిచ్చెన మీద నిలబడి పైకి చూస్తున్న సేవ్యా ఫొటో. కింద అరచేతి మందాన అక్షరాలు: *వీరితో జాగ్రత్త! పిలవకుండా వస్తారు. హుక్కులు చూస్తారు. డబ్బు తీసుకోరు.*

వారం తిరగకముందే జుక్కల్ దిక్కు నుంచి ఇద్దరు రైతులు బండేసుకుని వచ్చారు. "హుక్కులు సూసి పైసల్ తీస్కోనోడు గీ ఊర్లనే ఉంటడటగదా? యాడుంటడు?" అని అడిగారు. ఇలా ఇంకో నలుగురు వచ్చారు. అవగాహన లేనివాళ్లు ఇంకా చాలామంది ఉన్నారని సంఘం నివేదికలో రాసుకుంది.

*

ఇటు బసవపున్నయ్య పని మొదలుపెట్టాడు. పంచనామా లేకుండానే ఆమోదం పొందిన గుత్తేదారు రేకులు కదపవచ్చని ఏడో నిబంధన ఉందట. అది ఆయనకే తెలుసు. తొమ్మిది రేకులూ బలపరీక్ష కోసమని ట్రాలీలో వేయించుకుపోయాడు. నర్సవ్వ గోడల మీద నాలుగు సర్వీ కట్టెలు అడ్డంగా వేయించాడు. గుమ్మం పక్కన 'పని జరుగుచున్నది' అన్న బోర్డు పాతాడు. మర్నాటి నుంచి ఆ బోర్డు ఒక్కటే పనిచేసింది.

పదిహేను రోజులు చూసి నర్సవ్వ ఆఫీసుకు వెళ్లింది. ఎదురు గది తాళం వేసి ఉంది. ఎక్కడో ఇంకో జిల్లాలో పెద్ద గాలి వచ్చిందని, ఆయన అక్కడికి వెళ్లాడని అటెండరు చెప్పాడు.

"సారూ, నా రేకులు గూడ పట్కపోయిండు. ఇగ మిరుగు పది రోజులుంది. నా బీడీల పని ఏం గావాలె?"

"ఫిర్యాదు రాయండమ్మా."

రాసింది. అది ఐదో ఫిర్యాదు. ఆ ఫిర్యాదు ఉన్నంతకాలం ఆమె ఇంటి పని ఆయన పేరు మీదే ఉంటుంది, ఇంకొకరికి ఇవ్వడానికి వీల్లేదు. ఇంకొకరికి ఇవ్వాలంటే రాజీ పడాలి. నర్సవ్వ రాజీ పడింది. సంతకం పెట్టింది. బసవపున్నయ్యకు ఐదో నిర్దోష పత్రం తయారైంది, ఆయన ఉన్న ఊరికి స్పీడుపోస్టులో పంపించారు. నర్సవ్వకు కొత్త దరఖాస్తు ఫారం ఇచ్చారు.

ఆమె ఆ ఫారం మడిచి, కార్ఖానా కార్డు పెట్టుకునే సంచిలోనే పెట్టుకుంది. ఆటోలో చంద్రయ్యతో ఒకటే మాట అంది. "మూడేండ్ల కిందటోళ్లే నయముండె తమ్మీ. గాళ్లు రేకులన్న ఇడ్సిపోయిండ్రు."

మిరుగుకు నాలుగు రోజుల ముందు మళ్లీ గాలి లేచింది. ఎగరేయడానికి ఊళ్లో రేకులు పెద్దగా మిగల్లేదు. గాలి అటూ ఇటూ చూసి ఫ్లెక్సీని పట్టుకుంది. పొద్దున లేచి చూస్తే చంద్రయ్య పొలంలో, కొత్తగా మొలిచిన జీలుగ మీద, సేవ్యా వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తున్నాడు.

చంద్రయ్య చట్టాన్ని గౌరవించి సంఘానికి ఫోను చేశాడు. పంచనామాకు మనిషిని పంపుతామన్నారు. పంపలేదు.

అసలు సేవ్యా మాత్రం, గాలి వచ్చింది కనుక, పిలవకుండా వచ్చాడు. కొట్టం ఎక్కి హుక్కులు చూశాడు. దిగాడు. పొలంలో ఉన్న తనను తాను కాసేపు చూసుకున్నాడు. వంగి అంచు పట్టుకుని వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"మంచి మాల్ ఏసిండ్రవ్వా. రెండు మూడేండ్లు సూడబన్లేదు."

నర్సవ్వకు అర్థమైంది. "కేసయితదా బిడ్డా?"

"ఉన్న కేసే ఉన్నది గదా. దాంట్లెనే కలుపుకుంటరు."

బసవపున్నయ్య వదిలిపెట్టిన సర్వీ కట్టెలు నాలుగూ పనికొచ్చాయి. (నర్సవ్వ ఇంటికి ఆయన చేసిన మేలు అదొక్కటే. అదీ తెలియక చేసింది.) వాటి మధ్యలో వెదురు బద్దలు కట్టి, నడుమ ఎత్తు చేసి, నీళ్లు రెండు పక్కలకూ జారేలా సేవ్యా ఫ్లెక్సీ పరిచాడు. గాలి వచ్చే దిక్కున అంచు లోపలికి మడిచి కట్టెకు చుట్టాడు. సైకిల్ ట్యూబు ముక్కలతో బిగించాడు. ప్రతి ముడినీ వేలితో కొట్టి చూశాడు.

"బొమ్మ బైటికి పెట్టాల్నా, లోపటికి పెట్టాల్నా?" అని పైనుంచి అడిగాడు.

"లోపటికే పెట్టు. ఎండకు నీ మొకం నల్లవడ్తది."

"ఇగ నల్లవడెటందుకు ఏమున్నదవ్వా?"

"పెట్టు తీ. నీ మొకం సూసుకుంట బీడీలు సుడ్త. దొంగల భయముండది, జాగ్రత్త అని రాసున్నది గద."

ఇరవై అడుగుల ఫ్లెక్సీకి ముందు గది, నడిమి గది కప్పబడ్డాయి. వంటిల్లు మిగిలిపోయింది. ఉన్నది అంతే.

మిరుగు సరిగ్గా తన రోజున వచ్చింది. పొద్దుటి నుంచి ముసురు పట్టి, మధ్యాహ్నానికి కుండపోత అయింది. చంద్రయ్య గడ్డి లోపల వేసుకున్నాడు, దూడలను కట్టేశాడు. నర్సవ్వ అప్పటికే చాట తీసుకుని ఇల్లు చేరింది. ఆ వానలో మూడింటికి సంఘం జీపు వచ్చింది. లబ్ధిదారుల సంతృప్తి వివరాలు ఆ రోజుతో పంపకపోతే గడువు ముగుస్తుంది. ఆఫీసులో కూర్చుని రాద్దామంటే అక్కడ రాయడానికి వీలు లేకుండా ఉంది. వైశాఖంలో వచ్చిన ఆ మొదటి గాలికే ఆఫీసు షెడ్డు రేకులు కూడా లేచిపోతే, నిబంధనల ప్రకారం బసవపున్నయ్యే వేశాడు. మేకులు గాడిలో కొట్టాడు. నిర్దోష పత్రాల ఫైలు మొత్తం తడిసి ముద్దయింది.

జగన్మోహనరావు గారు గొడుగు ముడిచి నర్సవ్వ ఇంట్లోకి వచ్చారు. నేల పొడిగా ఉంది. ఆకుకట్టలు పొడిగా ఉన్నాయి. చాటలో తంబాకు పొడిగా ఉంది. ఆయన తడిసిన చెప్పులు బయట విడిచి, చాప మీద కూర్చుని, పొద్దుటి నుంచి మొదటిసారి ఒక కాగితాన్ని తడవకుండా తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"పైకప్పు ఉంది," అన్నారు ఆశ్చర్యంగా.

"ఉన్నది సారూ."

"ఎవరు వేశారు?"

నర్సవ్వ బీడీకి దారం చుడుతూ, చూపు తిప్పకుండా, గడ్డం పైకెత్తి చూపించింది. ఆయన తలెత్తారు. నిచ్చెన మీదున్న సేవ్యా ఆయన తల మీదుగా ఎటో చూస్తున్నాడు. *వీరితో జాగ్రత్త.* వాన ఫ్లెక్సీ మీద దడదడ కొడుతోంది. ఒక్క చుక్క దిగడం లేదు.

జగన్మోహనరావు గారు పెన్ను మూత తీసి, కప్పును ఇంకోసారి చూశారు. ముందే చెప్పాను, ఆయన చెడ్డమనిషి కాడు. కానీ ఫారంలో దానికి గడి లేదు. 'పైకప్పు: కలదు' అని రాశారు. 'వేసినవారు' అన్నచోట ఆగి, 'వివరాలు సేకరించవలసి ఉన్నది' అని రాశారు. కప్పు ఉన్న ఇంటికి సహాయం వర్తించదు కనుక 'దరఖాస్తు తిరస్కరించడమైనది' అని కూడా రాసి, నర్సవ్వ చేత సంతృప్తి గడిలో సంతకం తీసుకున్నారు. గొడుగు తెరుస్తూ, గొంతు తగ్గించి అడిగారు.

"అమ్మా, అతను మా ఆఫీసుకు ఒకసారి వస్తాడా?"

"గాలొస్తే వస్తడు సారూ. పిలిస్తెనే కష్టం, కాయిదాలు అడుగుతరు గదా."

ఆ మాట సేవ్యాకు చేరింది. మర్నాడు వాన తెరిపిచ్చాక టీవీఎస్‌కు నిచ్చెన కట్టుకుని బాన్సువాడ వెళ్లాడు. ఆఫీసు కప్పు ఎక్కి, గాడిలోని మేకులు పీకి, బొక్కలకు డాంబరు పెట్టి, మిట్ట మీద హుక్కులు బిగించాడు. ఒక్కొక్కటీ వేలితో కొట్టి చూసి దిగాడు. అటెండరు చాయ్ పోశాడు. తాగి వెళ్లిపోయాడు. అధికారి నోటితో చెప్పిన మాటకు కాగితం లేదు కనుక, వచ్చిపోయేవారి రిజిస్టరులో అటెండరు ఉన్నది ఉన్నట్టు రాశాడు: పిలవకుండా వచ్చాడు, పైకెక్కి చూశాడు, డబ్బు తీసుకోలేదు.

ఇప్పుడు సంఘం ఆఫీసు కురవడం లేదు. రిజిస్టరులోని ఆ రాత కూడా ఫిర్యాదు కిందికే వచ్చింది కనుక సేవ్యా మీద ఫిర్యాదులు రెండయ్యాయి. ప్రజలను మరింత అప్రమత్తం చేయడానికి ఈసారి ఇంకా పెద్ద ఫ్లెక్సీ అచ్చువేయిస్తున్నారు.

పొడవెంత, వెడల్పెంత అని నర్సవ్వ ఇప్పటికి రెండుసార్లు అడిగించింది. వంటింటి మీద ఇంకా కప్పు లేదు.